అంబళ్ల వేళ

"ఏమైనా తిన్నారా ఆంటీ?" అని అడిగింది సూది పట్టుకున్న అమ్మాయి.

గాజువాకలో మా వీధి చివరనున్న రక్తపరీక్షల సెంటరు అది. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్లంతా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నా చేతికి రబ్బరు పట్టీ బిగిస్తూ ఆ పిల్ల మామూలుగా అడిగిన మాటే అది. తిన్నాననో లేదనో చెప్పేస్తే అయిపోతుంది. కానీ ఆ ప్రశ్న వింటే నాకు చటుక్కున మా నాన్న గుర్తొస్తాడు. ఆయన వెనకాలే మా నాయనమ్మ, ఆవిడ చేతిలో ఇత్తడి ముంత.

మా ఊరు ఇప్పుడు స్టీల్ ప్లాంటు గోడ లోపల ఎక్కడో ఉంది. ఉంది అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, అక్కడ ఏముందో నాకు తెలీదు. నా చిన్నప్పుడు మట్టి గోడలూ తాటాకు కప్పూ ఉన్న ఇల్లు మాది. ఇంటి వెనక మెట్ట భూమి, అందులో చోళ్లు. పట్నం వాళ్లు రాగులంటారు. మేం చోళ్లనే అనేవాళ్లం, నాయనమ్మ నోట్లోనైతే సోళ్లు. కోత రోజుల్లో ఇంట్లోకి ఒక దుమ్ము వాసన వచ్చేది, కొంచెం తియ్యగా, కొంచెం ముక్కు దురదగా. తిరగలి ముందు నాయనమ్మ కూర్చుంటే నేను ఎదురుగా కూర్చుని గుప్పెడు గుప్పెడు గింజలు పోసేదాన్ని. మధ్యలో ఆవిడ చూడకుండా తిరగలి చుట్టూ పేరుకున్న పిండి వేలితో అద్దుకుని నాకేదాన్ని. "ఒలే గుంటా, పచ్చి పిండి తింటే కడుపులో పాములు పడతాయే" అని కసిరేది. ఆ పాముల కోసం నేను చాలా రోజులు ఎదురుచూశాను.

రాత్రి పిండి నీళ్లలో కలిపి పెడితే తెల్లారేసరికి పులిసేది. పొయ్యి మీద కుండలో నూకలు ఉడుకుతుంటే ఆ పులిసిన పిండి పోసి తెడ్డుతో తిప్పేది నాయనమ్మ. ఆ తెడ్డు ఆవిడ అత్తగారి నాటిది, ఒక పక్క అరిగిపోయి ఉండేది. ఉడికిన అంబలి చల్లారాక మజ్జిగ ఉంటే మజ్జిగ, లేకపోతే ఉత్త ఉప్పు. నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అదృష్టం బాగుంటే నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ల చేపలు. ముంత ఎత్తి తాగుతుంటే గొంతు దగ్గర్నుంచి బొడ్డు దాకా చల్లగా దిగేది.

మా ఊళ్లో గడియారాలు తక్కువ. పొద్దు కూడా అంబలితోనే కొలుచుకునేవాళ్లం. "ఎప్పుడొచ్చినాడు?" అంటే "అంబళ్ల యేలకొచ్చినాడు" అనేవారు. అంటే పొద్దు బారెడెక్కి, పొలంలో ఒక విడత పని అయి, మనుషులు గట్టు మీద కూర్చునే వేళ. దారిలో ఎవరు ఎదురైనా మొదటి మాట "అంబలి తాగినావా?" అనే. తాగలేదంటే ఊరుకునేవారు కాదు, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లేవారు.

ఇక్కడొక మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మాకు తినడం వేరు, తాగడం వేరు. తినడమంటే అన్నం, చేపలు, గుగ్గిళ్లు, దుంపలు, నమిలి మింగేవి. అంబలి తాగేది. దాన్ని తిండిలో ఎవరూ లెక్కపెట్టలేదు. మంచినీళ్లని తిండంటామా, ఇదీ అంతే. పొద్దున్న ముంతెడు అంబలి పడిన మనిషిని "ఏటి తిన్నావు?" అని అడిగితే "ఏటీ తిన్లేదు" అనే చెప్పేవాడు. అబద్ధం అనే ఆలోచనే ఉండేది కాదు.

ఇక వరన్నం. అది పండక్కీ, చుట్టాలకీ, జ్వరం వచ్చినవాళ్లకీ. ఒకసారి వరన్నం మీద ఆశకొద్దీ ఉల్లిపాయ చంకలో పెట్టుకుని పడుకున్నాను. ఒళ్లు వేడెక్కుతుందని ఎవరో చెప్పారు. నాయనమ్మ వచ్చి నుదురు చూసి, చంకలోంచి ఉల్లిపాయ తీసి, నాలుగు చెక్కలు చేసి, నా ముంత పక్కనే పెట్టి వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీ వస్తుందన్నారు. ఏళ్ల తరబడి అన్నారు. పెద్దవాళ్లు నమ్మడం మానేశాక నిజంగానే వచ్చింది. భూమి పోయింది, ఇల్లు పోయింది, గాజువాక అవతల కొత్తగా వేసిన కాలనీలో మాకు రేకుల ఇల్లు వచ్చింది. నాయనమ్మ బండి మీద తన పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఒక పక్క తిరగలి, ఒడిలో కుండ.

కాలనీలో అన్నీ కొత్తే. కొళాయి నీళ్లకి మందు వాసన. దూరంగా కొండ పేల్చిన చప్పుడుకి రేకులు గలగలమనేవి. టిప్పర్లు లేపిన ఎర్ర దుమ్ము ఆరేసిన బట్టల మీద కూర్చునేది. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం ఫ్యాక్టరీ పనులు జరిగే వైపు నుంచి ఒక కూత వినబడేది. కాలనీ అంతా ఆ కూతతో లేచి, ఆ కూతతో ఇంటికి వచ్చేది. నాయనమ్మ ఒక్కతే దాన్ని లెక్కచేసేది కాదు.

తిండి నిమిషాల మీద మారిపోయింది. చోళ్లు పండించే నేల లేదు. రేషన్ షాపులో బియ్యం వచ్చేవి, గోధుమలు వచ్చేవి, డబ్బాలో పామాయిల్ వచ్చేది. రోజూ వరన్నమే అయ్యాక 'వరి' అనే మాట రాలిపోయి ఉత్త అన్నం మిగిలింది. అమ్మకి టీ అలవాటైంది. కిరసనాయిలు స్టవ్వు మీద టీ పెట్టుకుని తాగితే ఆవిడకి చాలా సేపటి దాకా ఆకలి తెలిసేది కాదు. "సల్దికూడు తిన్నమ్మకి మొగుడాకలి తెలీదంట" అని నాయనమ్మ గోడకి చెప్పేది. అమ్మ ఆ గోడకే "తెల్లారీసరికి పొగలో ఊదుకుంటా కూకోడం నా వల్ల కాదు" అని జవాబు చెప్పేది. నేను అమ్మ పార్టీ. బళ్లో పిల్లలు నా మూతి మీద అంబలి చార చూసి "సోడంబలి, సోడంబలి" అని వెంటపడేవారు. నా వాటా అంబలి పక్కింటి మేకకి పోసి, అమ్మ దగ్గర టీలో బన్ను ముంచుకుని తినేదాన్ని.

అయినా నాయనమ్మ మానలేదు. పెందుర్తి అవతల మా మేనత్త వాళ్లది పల్లెటూరు. అక్కణ్నుంచి సంచితో చోళ్లు తెప్పించుకుని, తనకీ కొడుక్కీ అంబలి కాచేది. నాన్న గడప దాటే ముందు రెండు చేతులూ చాపితే ముంత ఆ చేతుల్లో పెట్టేది. నాకు తెలిసి ఏ రోజూ అది తప్పలేదు.

భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం అన్నారు. చాలామందికి రాలేదు, కొందరికి వచ్చింది. మా నాన్నకి పిలుపొచ్చింది. చేతిలో సేద్యం తప్ప ఇంకేమీ లేని మనిషి, ఆయనకది ఉద్యోగం కాదు, పోయిన భూమికి మారు. ఇదీ పోతే కూలికి పోవాలి, వేరే దారి లేదు. ఒంటి పరీక్షలు చేస్తారనీ, పొద్దున్న ఏమీ తినకుండా రావాలనీ చెప్పి పంపారు.

ఆ పొద్దున్న మా ఇంట్లో ఎంత జాగ్రత్తో చెప్పలేను. అమ్మ చల్దన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు. ముందురోజు చుట్టాలు తెచ్చిన జంతికల డబ్బా అటక మీద పెట్టేసింది, నాన్న చెయ్యి పొరపాటున అటు వెళ్తుందేమోనని. నేను మరమరాలు నములుతుంటే "ఒలే, అయ్య కళ్లముందు తినకే" అని బయటికి తోలింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని గడప దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ చాపాడు. నాయనమ్మ ముంత తెచ్చింది. ఆ రోజు అంబలిలో బెల్లం ముక్క కూడా వేసింది.

"మంచి పనికెల్తన్నావు బాబూ, తీపి నోటితో ఎల్లు" అంది.

"బెల్లం కూడానేటే" అని నవ్వి, గుటగుటా తాగేసి, మూతి తుడుచుకుని వెళ్లాడు.

అక్కడ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నాన్నకి రాలేదు, నాయనమ్మకి రాలేదు, జంతికలు దాచిన అమ్మకీ రాలేదు.

డాక్టరు మంచివాడేనట. నాన్న తర్వాత ఎప్పుడు చెప్పినా ఆ మాట ముందు చెప్పి మొదలుపెట్టేవాడు. సూది గుచ్చే ముందు "ఏమైనా తిన్నావా?" అని అడిగాడట. "నేదు బాబూ, ఏటీ తిన్లేదు" అన్నాడట నాన్న. మర్నాడు మళ్లీ వెళ్తే, పరగడుపున ఉండాల్సిన దానికన్నా రక్తంలో చక్కెర ఎక్కువుందన్నారు. ఇప్పుడే పనికొస్తావని రాయలేం, కొన్నాళ్లాగి మళ్లీ పిలుస్తాం, అప్పుడూ ఇలాగే ఉంటే ఉద్యోగం కష్టం అన్నారు.

నాన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నాకు సెక్కెర రోగమంట" అన్నాడు.

"సెక్కెరా? మనింట్లో సెక్కెరెక్కడిదిరా?" అంది నాయనమ్మ. నిజంగానే అడిగింది. టీలోకి అమ్మ కొనే పంచదార తప్ప మా ఇంట్లో చక్కెర లేదు, ఆ టీ నాన్న ముట్టుకునేవాడు కాదు.

ఆ తర్వాత నాన్న తను రోగిష్టినని నమ్మేశాడు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందనేవాడు, కాళ్లు లాగుతున్నాయనేవాడు. ముందు అవేవీ లేవు. కాలనీలో తలా ఒక వైద్యం చెప్పారు. అన్నం మానాలని ఒకరు, గోధుమ రొట్టె తినాలని ఒకరు. అమ్మకి రొట్టెలు చెయ్యడం రాదు. అప్పడాల్లా విరిగిపోయే వాటిని నీళ్లలో నానబెట్టుకుని నాన్న మింగేవాడు. నాయనమ్మ మాత్రం రేషన్ బియ్యం వైపు వేలు చూపించింది. "భూమున్నన్నాల్లూ నేని రోగం, కొన్న బియ్యం తిన్నాక ఒచ్చింది" అంది. అని, నాన్నకి అంబలి రెండు పూటలా పోసింది. కొడుకుని బతికించుకుంటున్నాననే అనుకుంది పాపం.

ఒక సాయంత్రం మా మేనమామ వచ్చాడు, అమ్మకి అన్న. పోర్టులో కలాసీగా చేసేవాడు. చేతిలో చేపల సంచి. ఇంట్లో మొహాలు చూసి, సంచి నాకిచ్చి, నాన్న పక్కన చతికిలబడ్డాడు.

"ఏటి బావా, అలాగైపోయినావు?"

నాన్న అంతా చెప్పాడు. మామ చుట్ట వెలిగించుకోబోయి ఆగాడు.

"నా పరీచ్చకీ ఇలాగే తినకండా రమ్మన్నారు. ఆ పొద్దు నువ్వేటైనా తిన్నావేటి?"

"ఏటీ తిన్లేదు బావా. ఒట్టు. అంబలొకటి తాగీసెల్లినాను, అంతే."

మామ నాన్న మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఓరి బావా! ఓరి బావా! ఆల్లు తినొద్దన్నారంటే నీల్లు తప్ప ఏటీ కడుపులో ఎల్లకూడదని రా! అంబలి తాగీసెల్తే సెక్కెర కనబడదా మరి?"

నాన్న కూడా నవ్వబోయాడు. అమ్మ "బతికించినావన్నయ్యా" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇల్లంతా ఒక్కసారి తేలికైంది. నేను చేపల సంచి పట్టుకుని గెంతుతున్నాను. అప్పుడు వినబడింది నాయనమ్మ గొంతు, పొయ్యి దగ్గర్నుంచి.

"బెల్లం నానే ఏసినాను" అంది. "నా కొడుకు నోటి కాడ కూడు నా సేతుల్తో నానే తీసీబోయినాను."

మామ నవ్వు ఆగిపోయింది. నాన్న లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నీ తప్పేటి లేదమ్మా. ఆల్లు తిన్నావా అనడిగినారు. తాగినావా అనడిగుంటే సెప్పీవోడిని గదా."

ఆవిడ తల ఊపింది. పొయ్యి పక్కన తెడ్డు ఉంటే దాని అరిగిన పక్క వేలితో రాస్తూ కూర్చుంది.

మళ్లీ పిలిచారు. ఆ తెల్లవారుజామున పొయ్యిలో నిప్పు లేదు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ గడప దగ్గరికొచ్చి, అలవాటుగా రెండు చేతులూ చాపాడు. నాయనమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఆవిడ చేతుల్లో ఏమీ లేదు. ఆ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. నాన్న తన చేతులు చూసుకుని, దించుకుని, "ఎల్లొత్తానమ్మా" అన్నాడు.

ఆయన వెళ్లాక ఆవిడ గడప మీదే కూర్చుంది. అమ్మ "అత్తా, నువ్వైనా కొంచెం గెంజి తాగు" అంటే వినలేదు. అంబళ్ల వేళ దాటింది. మధ్యాహ్నం కూత కూసింది. ఆ కూతకి తల ఎత్తి చూడడం అదే మొదటిసారి. ఈసారి ఫలితం ఆ రోజే చెబుతామంటే అక్కడే ఆగి, పొద్దు వాలుతుండగా నాన్న వచ్చాడు. ఆయన నడకలోనే తెలిసిపోయింది. దూరం నుంచే "అయిపోయిందే అమ్మా! ఏ రోగమూ నేదంట!" అని కేకేశాడు. అమ్మ ఏడ్చింది. నాయనమ్మ ఏడవలేదు. మెటికలు విరిచి దిష్టి తీసింది.

"ఆకలి సంపేత్తంది. అంబలేది?" అని నాన్న తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

కుండ గోడవారగా బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి, బోర్లించేసింది. తెడ్డు దాని మీద అడ్డంగా పెట్టింది.

"నీకింక అన్నమే బాబూ" అంది.

"ఉజ్జోగం ఒచ్చీసింది గదమ్మా. ఇంకేటి బయ్యం?"

"ఆల్లు మల్లీ ఏ పొద్దు పిలుత్తారో, ఏ పొద్దు సూది గుచ్చుతారో మనకేటి ఎరక? నాకు బయ్యంరా. ఇంక నా సేత్తో ఆ ముంత ఇయ్యలేను."

నాన్న ఎంత చెప్పినా వినలేదు. మొదట బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత వదిలేశాడు. కొన్నాళ్లకి ఆయనకీ క్యాంటీన్ ఇడ్లీ అలవాటైంది. తనొక్కదానికీ కుండ పెట్టడమెందుకని ఆవిడా మానేసింది. అమ్మ గ్లాసుతో టీ ఇస్తే తీసుకునేది. టీ ఊదుకుని తాగుతూ తాగుతూ, కుడి చెయ్యి పక్కన నేల మీద దేనికోసమో తడిమేది. ఉల్లిపాయ కోసం. అక్కడ ఉల్లిపాయ ఉండదని గుర్తొచ్చి చెయ్యి ఒళ్లోకి తెచ్చుకునేది. నేను చాలాసార్లు చూశాను. నా పార్టీ గెలిచిందన్న సంతోషం ఒక్క రోజు కూడా కలగలేదు.

నాన్న డ్యూటీకి వెళ్లేటప్పుడు గడప దగ్గర నిలబడడం మాత్రం నాయనమ్మ మానలేదు. "తిన్నావా బాబూ?" అని అడిగేది. తాగినావా అన్న మాట మళ్లీ ఆవిడ నోట నేను వినలేదు.

ఈ మధ్య పెళ్లిళ్లలో చిరుధాన్యాల కౌంటరు పెడుతున్నారు. గాజు గ్లాసుల్లో రాగి జావ, పైన జీడిపప్పు. పాతకాలం వాళ్లు తెల్ల అన్నం మోజులో పడి బంగారంలాంటి తిండి వదులుకున్నారని, పక్కన నిలబడ్డ కుర్రాడు నాకే పాఠం చెప్పాడు. ఒళ్లు మండింది. భూమి పోయాక చోళ్లు ఎక్కడ పండించాలి బాబూ, మీ మేడ మీదా అని అడుగుదామనుకున్నాను. మోజు అమ్మదీ నాదీ, అది ఒప్పుకుంటాను. నాయనమ్మది మోజు కాదు. ఆవిడ కొడుకు ఉద్యోగం కోసం అంబలి మానేసింది, ఎవరూ మానమనకుండానే.

"ఆంటీ, మిమ్మల్నే. ఏమైనా తిన్నారా?"

"తినలేదమ్మా. తాగలేదు కూడా."

అమ్మాయి నవ్వింది. "తాగారా అని నేను అడగలేదు కదా?"

"అడగలేదు. అదే అడగాలి తల్లీ. మా పల్లెల వాళ్లని అదే అడగాలి."

పెద్దదాన్ని కదా, ఏదో అంటున్నాననుకుని సూది గుచ్చింది. దూది అదిమి పట్టుకుని నేను లేచాను. నా కుర్చీలో ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. పంచె, భుజాన తువ్వాలు, కాళ్లకి దుమ్ము. అచ్యుతాపురం వైపు నుంచి మొదటి బస్సులో వచ్చానని ఇందాకే ఎవరితోనో చెబుతున్నాడు.

"తాతా, ఏమైనా తిన్నారా?"

"నేదమ్మా. ఏటీ తిన్లేదు."

అమ్మాయి సూది విప్పబోయి ఆగింది. ఒకసారి నా వైపు చూసింది.

"ఏమైనా తాగారా?"

"ఆఁ, బస్సు దిగి టీ ఒకటి తాగినాను. అది తిండేటమ్మా?"

అమ్మాయి సూది పక్కన పెట్టేసి, రేపు టీ కూడా తాగకుండా రమ్మని నెమ్మదిగా చెప్పింది. ఆయన సరేనని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయనకి పోయింది ఒక్క పొద్దే. నేను దూది పట్టుకుని గుమ్మం దగ్గర అలాగే నిలబడిపోయాను. ఆ ఒక్క మాట ఆ రోజు మా నాన్ననీ ఎవరైనా అడిగి ఉంటే, మా నాయనమ్మ కుండ బోర్లించేది కాదు.